గుట్టగల్లీకి నీళ్లు ఎక్కని రోజు

సిద్దిపేట పాత బస్టాండు వెనక గల్లీల్లో హనీఫ్ అంటే ఏ హనీఫ్ అని అడుగుతారు. నల్లా హనీఫ్ అంటే చిన్నపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. పదకొండు గల్లీలకు మంచినీళ్లు వదలడం అతని పని. తెల్లవారుజామున మనిషెత్తు ఇనుప చావి భుజాన వేసుకుని సైకిలు మీద బయలుదేరేవాడు. రోడ్డు మీది ఇనుప మూత తీసి, చావిని లోపలికి దించి, వాల్వు తలకు తగిలించి తిప్పేవాడు. భూమి కింద నీళ్లు కదిలేవి. ఆ వెంటనే ఒక్కో ఇంట్లో లైటు వెలిగేది, బిందెలు చప్పుడయ్యేవి.

పద్దెనిమిదేళ్లు అతను దాన్ని ఉద్యోగం అనుకోలేదు. దేవుడి మీద తనకున్న ప్రేమ అనుకున్నాడు. తర్వాత పడిన బాధంతా ఆ అనుకోవడంలోంచే వచ్చింది.

ఆ మాట అతనికి నేర్పింది దాదీ సఫూరా. తల్లి పోయిన పిల్లవాణ్ని ఆమే పెంచింది. ఎండాకాలం వస్తే వాకిట్లో రెండు మట్టి రంజన్లు పెట్టి, వచ్చేపోయేవాళ్లకు నీళ్లు ముంచి ఇచ్చేది. ఒకరోజు మనవడు అడిగాడు, ఇట్లా చేస్తే జన్నత్ దొరుకుతుందా అని. దాదీకి కోపం వచ్చింది.

"జన్నత్ కోసం చేస్తే అది బేరం బేటా. అల్లాకు భయపడి చేసేటోళ్లు శానమంది. ఆయన్ని ప్రేమించి చేసేటోళ్లకే కరువు. ప్రేమ ఎట్ల చూపియ్యాల్నో తెల్వకపోతే దూపైనోనికి నీళ్లియ్యి. గంతకన్న పెద్ద సదువు నాకు రాదు" అంది.

దాదీ పోయిన ఏడాదే అతనికి నీళ్ల పని దొరికింది. దేవుడే చూసి ఇచ్చాడనుకున్నాడు. నల్లా వదిలే వేళ, ఫజర్ నమాజు వేళ ఒకటే అయ్యేవి. మొదటి వాల్వు తిప్పి, ఆ మూత పక్కనే తువ్వాల పరిచి నమాజు చదివేవాడు. నుదురు నేలకు ఆనించినప్పుడు కింద పైపులో నీళ్లు పారే చప్పుడు వినిపించేది. అప్పుడు అతని కళ్లు తడిసేవి. మసీదులో ఎప్పుడూ అంత దగ్గరగా దేవుడు తగల్లేదని భార్య యాస్మిన్‌తో చెప్పాడు.

యాస్మిన్ ఆ మాటకు మురిసిపోలేదు. కూతురు షబ్నమ్ పుట్టిన రోజు ఆమెకు గుర్తుంది. నొప్పులు మొదలైన పొద్దున, "పదకొండు గల్లీలు దూపతోని ఉంటయి, గంటల వస్త" అని చావి తీసుకుని వెళ్లిపోయాడు. పక్కింటావిడ ఆటో పిలిచి దవాఖానకు తీసుకుపోయింది. అతను వచ్చేసరికి పిల్ల పుట్టింది.

పదకొండో గల్లీ గుట్టగల్లీ. అక్కడికి నీళ్లు ఊరికే ఎక్కవు. కింది పది గల్లీల వాల్వులు మూసేసి ఇరవై నిమిషాలు ఆగితే గానీ పైకి చేరవు. హనీఫ్‌కు ముందు ఆ పని చేసినవాళ్లు అంత తిప్పలు పడలేదు. సన్నధార పోతే పోయింది, లేకపోతే లేదు. హనీఫ్ మాత్రం ప్రతిసారీ కింద మూసి, గుట్ట ఎక్కి, చివరి ఇంటి దాకా వెళ్లి నల్లా చూసి వచ్చేవాడు. ఆ చివరి ఇల్లు కొండవ్వది. పెనిమిటి పోయాడు, పిల్లలు పుట్టలేదు. బీడీలు చుట్టుకుని బతికేది. కళ్లకు పొర వచ్చి మనుషుల్ని గొంతును బట్టి గుర్తుపట్టేది. ధార అందడానికి నల్లాను నేలలో గుంత తవ్వి పెట్టారు. ఆ గుంతలోకి ఆమె దిగలేకపోయేది. హనీఫే దిగి బిందె పెట్టి, నిండాక ఎత్తి లోపల దించేవాడు.

"దేవుడు నిన్ను సల్లగ సూడాలె కొడుకా. నీ అసొంటోడు ఈ పట్నంల లేడు" అనేది కొండవ్వ.

ఆ మాట వినకుండా అతను గుట్ట దిగేవాడు కాదు. ఒకసారి ఇంటికి వచ్చి ఆ మాట చెప్తుంటే యాస్మిన్ రొట్టె తిప్పుతూ నవ్వింది.

"నీ ఇష్క్ అల్లా మీదనా జీ, అవ్వ దీవెన మీదనా?"

హనీఫ్ ఆ పూట అన్నం తినకుండా లేచిపోయాడు.

2009 చలికాలంలో ఊరి నడుమ తెలంగాణ కోసం దీక్ష టెంటు పడింది. హనీఫ్ మొదటి వారమే వెళ్లి కూర్చున్నాడు. మన నీళ్లు మనకు కావాలన్న మాట వింటే నీళ్ల పని చేసే మనిషికి ఒళ్లు పులకరించదా! రోజూ పని అయ్యాక డ్రమ్ములో నీళ్లు తెచ్చి దీక్షలో కూర్చున్నవాళ్లకు గ్లాసులతో అందించేవాడు. ఏడాది, రెండేళ్లు. అది కూడా ప్రేమ లెక్కలోనే వేసుకున్నాడు.

అతన్ని అక్కడికి తీసుకుపోయింది భిక్షపతి. ఇద్దరూ ఒకే నెలలో పనిలో చేరారు. భిక్షపతివి పక్క గల్లీలు. చావి పట్టడం, లీకు కనిపెట్టడం ఇద్దరూ కలిసి నేర్చుకున్నారు. రంజాన్ నాడు భిక్షపతి హనీఫ్ ఇంట్లో షీర్ ఖుర్మా తాగేవాడు. బతుకమ్మ పండుగకు హనీఫ్ ఇంటికి సత్తుపిండి డబ్బా వచ్చేది. ఉద్యమం వచ్చాక భిక్షపతి మాటకు విలువ పెరిగింది. నీళ్ల పనివాళ్లకు అతనే నాయకుడయ్యాడు.

2011 సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు నిలిచిపోయాయి. బడులు, ఆఫీసులు మూతపడ్డాయి. మూడో వారంలో నీళ్ల పనివాళ్లు షెడ్డు దగ్గర మీటింగు పెట్టుకున్నారు.

"నాలుగు రోజులు నల్లాలు బంద్. దవాఖాన లైను ఒక్కటి ఇడుద్దాం. నీళ్లు రాకుంటనే జనం రోడ్డెక్కుతరు. గప్పుడే సర్కారుకు సెగ తాకుతది" అన్నాడు భిక్షపతి.

హనీఫ్ లేచాడు. "ఆఫీసర్ల ఇండ్లకు బంద్ పెడదాం భిక్షపతీ. గరీబోళ్లేం జేసిన్రు? తాగే నీళ్లు ఆపుడు నాతోని కాదు."

"నీ ఒక్కనికే ఉన్నదా భయ్ దయ? మాకు లేదా? నాలుగు రోజులు ఓర్సుకుంటే ఎవలు సావరు."

అందరూ చేతులెత్తారు. హనీఫ్ ఎత్తలేదు. తువ్వాల దులుపుకుని వెళ్లిపోయాడు.

బంద్ మొదటి రోజు తెల్లవారుజామున అతను ఎప్పటిలాగే చావి తీసుకుని బయలుదేరాడు. పదకొండు గల్లీలకూ నీళ్లు వదిలాడు. ఆడవాళ్లు బిందెలు, బకెట్లు, గిన్నెలు, చివరికి టిఫిన్ డబ్బాలు కూడా నింపుకున్నారు. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. నింపుకుని తలుపులు వేసుకున్నారు. గుట్ట మీద కొండవ్వ ఎప్పటి దీవెన ఇచ్చింది. ఆ పొద్దున హనీఫ్ గుట్ట దిగుతుంటే తాను దేవుడి పక్కన నడుస్తున్నాననే అనుకున్నాడు.

పది గంటలకు భిక్షపతి ఎనిమిది మందితో వచ్చాడు. రోడ్డు మీదే సైకిలు ఆపి, చావి లాక్కుని, హనీఫ్‌ను టెంటు దగ్గరకు నడిపించారు. అతను రోజూ నీళ్లు అందించిన టెంటే అది. అట్ట మీద 'ద్రోహి' అని రాసి మెడలో వేశారు. ఒకడు మెకానిక్ షాపు నుంచి వాడేసిన ఇంజను ఆయిలు డబ్బా తెచ్చాడు. రెండు చేతులా ముంచి హనీఫ్ ముఖానికి, గడ్డానికి పూశాడు.

"వీళ్లు ఎప్పుడు గంతే. మనోళ్లు కారు" అన్నాడు వాళ్లలో ఒకడు.

హనీఫ్ భిక్షపతి వైపు చూశాడు. ఆ ఒక్క మాటనైనా కాదంటాడని చూశాడు. భిక్షపతి జేబులోంచి ఫోను తీసి చూసుకుంటున్నాడు.

చుట్టూ జనం మూగారు. గుట్టగల్లీవాళ్లు కూడా ఉన్నారు. పొద్దున అందరికంటే ఎక్కువ గిన్నెలు నింపుకున్న సంగీత కూడా ఉంది. భిక్షపతి ఆమెను అడిగాడు.

"ఏమ్మా, పొద్దుగాల మీకు నల్లా వచ్చిందా?"

"వచ్చింది. మేమడగలే. ఆయనే ఇడిసిండు" అంది సంగీత.

తక్కినవాళ్లు ఆ మాట కూడా అనలేదు. మధ్యాహ్నం దాకా అతన్ని అట్లాగే కూర్చోబెట్టారు. నూనె కళ్లలోకి కారుతుంటే తుడుచుకోవడానికి తువ్వాల ఇవ్వడానికి కూడా ఎవరూ రాలేదు.

ఇంట్లో యాస్మిన్ కిరసనాయిలుతో ముఖం కడిగింది. చర్మం మంట పుట్టింది గానీ గడ్డం నలుపు వదల్లేదు. షబ్నమ్ గడప దగ్గర నిలబడి ఏడ్చింది. అతను రెండు రోజులు బయటికి రాలేదు. ఆ రెండు రోజులూ అతని తలలో ఒక్క మాటే తిరిగింది: మేమడగలే. పద్దెనిమిదేళ్లు తను ఇచ్చింది ఎవరూ అడగని వస్తువా? నమాజుకు నిలబడితే దేవుడి ముఖానికి బదులు సంగీత ముఖం కనిపించేది.

మూడో రోజు ఆడవాళ్లు ఖాళీ బిందెలతో షెడ్డు ముందు కూర్చుని తిట్టిపోశారు. భిక్షపతి వెనక్కి తగ్గక తప్పలేదు. సాయంత్రం చావిని మనిషితో హనీఫ్ ఇంటికి పంపాడు. రేపటి నుంచి ఇడవమని కబురు.

మరునాడు హనీఫ్ ఫజర్ ఇంట్లోనే చదువుకుని బయలుదేరాడు. పది గల్లీలకు వదిలాడు. గంట గడిచింది. ఇప్పుడు కింది వాల్వులు మూసి నీళ్లు పైకి ఎక్కించాలి. చావి పట్టుకుని గుట్టగల్లీ మొదట్లో నిలబడ్డాడు. మేడ మీద నుంచి సంగీత కొడుకు కేకేశాడు, "నల్లా ఎప్పుడొస్తది?" అని.

అడుగుతున్నారు ఇప్పుడు. అడగనీ.

కొండవ్వ గుర్తుకు రాలేదా అంటే వచ్చింది. ఎవరో ఒకరు ఆమెకు ఒక బిందె ఇస్తారులే అనుకున్నాడు. తాను చేసేది దేవుడు చూస్తున్నాడని కూడా అతనికి తెలుసు. చూడనీ అనుకున్నాడు. మొన్న టెంటులో చూసినవాడు ఇది కూడా చూడనీ. పది గల్లీలు తెరిచే ఉంచాడు. గుట్ట ఎక్కకుండా, చౌరస్తా హోటల్లో రెండు చాయలు తాగి ఇంటికి పోయి పడుకున్నాడు.

మధ్యాహ్నం కొండవ్వ పక్కింటి సిద్ధమ్మ వచ్చి తలుపు కొట్టింది.

"అవ్వ గుట్ట కింద బోరింగు కాడ పడ్డది. నల్లా రాలేదని బిందె తీస్కొని తానే దిగిపోయింది. నేను బీడీల కంపెనీకి పోయిన, ఇంటికాడ లేను. నాచుల కాలు జారింది. తుంటి ఇరిగిందంటున్నరు."

హనీఫ్ చెప్పులు లేకుండా దవాఖానకు పరుగెత్తాడు. కొండవ్వ వరండాలో మంచం మీద ఉంది. కాలికి చెక్క కట్టారు. అతని దగ్గు వినగానే తల తిప్పింది.

"అనీపువా? వచ్చినవా కొడుకా? నల్లా రాకపోతే నాకు బుగులైంది. ఎన్నడు లేంది అనీపు ఎందుకు రాలేదు, పానం బాగలేదా ఏందని. జరమొచ్చిందా?"

వెనకే వచ్చిన సిద్ధమ్మ అతన్నే చూస్తోంది.

"అవునవ్వా. జరమొచ్చింది" అన్నాడు.

"ఇప్పుడు తగ్గిందా? పైకి ఎక్కకు నాలుగొద్దులు. కాళ్లు గుంజుతయి" అంది కొండవ్వ. నొప్పికి పళ్లు బిగబట్టి ఆ మాటే రెండుసార్లు చెప్పింది.

పదకొండు రోజులు రోజూ వెళ్లాడు. నిమ్మరసం పట్టించాడు, పక్క మార్చాడు. ప్రతి రోజూ నిజం చెప్పాలని వెళ్లి, చెప్పకుండానే తిరిగి వచ్చాడు. అవ్వకు వీపున పుండ్లు పడ్డాయి, జ్వరం పట్టుకుంది. పన్నెండో రోజు పొద్దున కొండవ్వ పోయింది. అప్పుడు అతను దగ్గర లేడు. నల్లా వదులుతున్నాడు.

మూడో రోజుకు చౌరస్తాలో ఫ్లెక్సీ లేచింది. 'సర్కారు మొండితనానికి బలైన కొండవ్వకు జోహార్లు' అని. రేషను కార్డు మీది ఫొటో పెద్దది చేసి వేశారు. భిక్షపతే దగ్గరుండి కట్టించాడు. హనీఫ్ దాని కింద నుంచే సైకిలు మీద వెళ్లేవాడు. తలెత్తేవాడు కాదు.

వాల్వు పక్కన తువ్వాల పరచడం మానేశాడు. మసీదుకు వెళ్లి చివరి వరసలో నిలబడేవాడు. దువా కోసం చేతులెత్తితే ఏం అడగాలో తోచేది కాదు. మాఫీ అడుగుదామంటే, మాఫీ చేయవలసిన మనిషి తన జ్వరం తగ్గిందా అని అడుగుతూ చచ్చిపోయింది. ఒకరోజు రొట్టెల ముందు కూర్చుని యాస్మిన్‌కు అంతా చెప్పేశాడు. ఆమె చేతిలో పిండి ఎండిపోయేదాకా విన్నది.

"పద్దెనిమిదేండ్లు ప్రేమ, ప్రేమ అన్నవ్. గుప్పెడు నూనె పూస్తే పాయెనా?"

"అది ఆయన మీద ప్రేమ కాదేమో యాస్మిన్. మంచోన్ని అనిపించుకునుడు మీద ప్రేమ."

"నాకు నా కానుపు నాడే తెలిసింది" అంది ఆమె. "నువ్వు అవ్వకు నీళ్లు మోసినప్పుడు కూడా నీ మొకమే చూసుకున్నవ్. అవ్వకు చూపు లేదు, నీ అసలు మొకం కనపడదు, అందుకే నీకు గంత ఇష్టం."

ఆ మాట మరీ అన్యాయమని అతనికి అనిపించింది. కానీ కాదని చెప్పడానికి ఒక్క సాక్ష్యం కూడా దొరకలేదు. యాస్మిన్ లేచి కొత్తగా పిండి కలపడం మొదలుపెట్టింది.

2014 జూన్ రెండున రాష్ట్రం వచ్చింది. ఊరంతా దీపాలు, డప్పులు. చౌరస్తాలో స్టేజీ వేసి ఉద్యమంలో పాల్గొన్నవాళ్లకు శాలువాలు కప్పారు. భిక్షపతి ముందురోజు ఇంటికి వచ్చాడు. మూడేళ్ల తర్వాత ఆ గడప తొక్కాడు.

"గప్పుడు జరిగింది మనసుల పెట్టుకోకు హనీఫ్ భాయ్. ఆవేశంల ఉంటిమి. టెంటుకు రెండేండ్లు నీళ్లు మోసినవ్. నీ పేరు లిస్టుల నేనే రాయించిన. రేపు రావాలె."

హనీఫ్ వెళ్లాడు. శాలువా కోసం కాదు. అందరి ముందు ఒక మాట చెప్పి దించుకోవాలని వెళ్లాడు. శాలువా కప్పి, ఒక ముక్క మాట్లాడమని మైకు చేతికిచ్చారు.

"సమ్మె టైంల నేను గుట్టగల్లీకి నల్లా బంద్ పెట్టిన" అన్నాడు.

ఈలలు మోగాయి. జై తెలంగాణ అని కేకలు లేచాయి. అతను గొంతు పెంచాడు.

"అది కాదు, ఇనున్రి. సమ్మె కోసం కాదు. కోపంల పెట్టిన. కొండవ్వ నా వల్లనే..."

కొండవ్వ పేరు వినపడగానే పక్కనున్నవాడు మైకు అందుకున్నాడు.

"అమరురాలు కొండవ్వకూ..."

"జోహార్!" అన్నారు జనమంతా ఒక్క గొంతుతో. డప్పులు అందుకున్నాయి. భిక్షపతి అతని భుజం మీద చెయ్యి వేసి ఫొటోకు నిలబెట్టాడు. వెనక వరసలోని మరో ఇద్దరికి శాలువాలు కప్పవలసి ఉంది, దిగమన్నారు.

స్టేజీ వెనక కుర్చీల గుట్ట దగ్గర సిద్ధమ్మ నిలబడి ఉంది.

"నాకు ఇనపడ్డది" అంది.

హనీఫ్‌కు ఒక్కసారి ప్రాణం లేచివచ్చింది. ఒక్కరైనా విన్నారు. తిడుతుందేమో, కొడుతుందేమో, ఏదైనా సరే.

"కొత్త ముచ్చటేం కాదు" అంది సిద్ధమ్మ మళ్లీ. "గా దినం కింద పది గల్లీలల్ల పారింది, మాకు ఎక్కలే. గప్పుడే సమజైంది. దవాఖానల జరమన్నవ్ సూడు, నీ మొకంలనే కనపడ్డది. మా గల్లీల అందరికి ఎరుకే."

"మరి ఎందుకు అడగలేదు? ఒక్కలు కూడ ఎందుకు తిట్టలేదు?"

సిద్ధమ్మ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"ఎట్ల తిడతం? చావి నీ చేతుల ఉండె. అడిగితే మళ్ల మాకు నీళ్లు ఎక్కిస్తవో ఎక్కియ్యవో అని బుగులు. పిల్లలున్నోళ్లం."

మూడేళ్లుగా తను గుట్ట ఎక్కినప్పుడల్లా ఆడవాళ్లు పక్కకు జరిగి దారి ఇవ్వడం, సంగీత చెయ్యెత్తి మొక్కడం హనీఫ్‌కు గుర్తొచ్చాయి. అదంతా జాలి అనుకున్నాడు ఇన్నాళ్లూ.

"నేను గసొంటోన్ని కాదు సిద్ధమ్మా" అన్నాడు.

పంచుతున్న లడ్డూల వైపు ఒకసారి చూసి, సిద్ధమ్మ కొంగు భుజం మీదికి లాక్కుని కదిలింది. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది. ముఖం మీద నవ్వు తెచ్చుకుంది.

"అన్నా, రేపు మాకు నల్లా వస్తది కదా?"

"వస్తది" అన్నాడు హనీఫ్.